కోతి మన పాలోడన్న సార్

ఫార్మలిన్ వాసన ఒకసారి చేతికి పట్టిందంటే సబ్బుకు కూడా లొంగదు. మొన్న తిరుమలగిరిలో, నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో, ఆ వాసన మధ్యలోకి మంచి గంధం వాసన వచ్చి చేరింది. తలెత్తి చూస్తే ఇంటర్ రెండో సంవత్సరం పిల్లవాడొకడు హనుమాన్ మాల వేసుకుని, కాషాయం కట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పరీక్షల ముందు పరిణామం పాఠం మళ్ళీ చెప్పింది ఆ రోజే. ఏదో అడగాలని వచ్చి, అడగలేక, కప్పల సీసాల వంక చూస్తున్నాడు. గంధం, ఫార్మలిన్ కలిసిన ఆ వాసన నన్ను నల్గొండకు, యాదయ్య సార్ దగ్గరికి లాక్కుపోయింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్గొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. యాదయ్య సార్ మాకు జువాలజీ చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు గట్టి. ఏటా ఎండలు ముదిరే వేళకు హనుమాన్ దీక్ష తీసుకునేవారు. దీక్షలో ఉన్నవాళ్ళను ‘స్వామీ’ అనే పిలవాలి కాబట్టి అన్నాళ్ళూ హాజరు పిలిస్తే మేం ‘ప్రెజెంట్ స్వామీ’ అనేవాళ్ళం. ఆ ఏడు సరిగ్గా దీక్షలోనే మనిషి పరిణామం పాఠం వచ్చింది. మెడలో మాల, బోర్డు మీద కోతి పుర్రె. వెనక బెంచీలవాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు. సార్ అదేమీ పట్టించుకోకుండా, అందరినీ వెన్ను చివర వేలు పెట్టి తడిమి చూసుకోమన్నారు. అక్కడ తగిలేది తోకెముక అని, తోక పోయినా దాని గుర్తు మిగిలిందని చెప్పారు. ఆడపిల్లలం చున్నీలు సర్దుకుంటూ, సిగ్గుపడుతూనే తడుముకున్నాం. నా ఒంట్లో ఇంత పాత కథ ఉందని అంతదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ రోజంతా గాల్లో తేలాను.

మోత్కూరులో మాది మగ్గం ఇల్లు. మా బాపు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. మంగళవారం, శనివారం ఆంజనేయునికి కొబ్బరికాయ కొట్టందే మగ్గంలో కాలు పెట్టేవాడు కాదు. ఆ శనివారం నేను ఇంటికి పోతే హారతి కళ్ళకద్దుకొమ్మన్నాడు. కోతి నుంచి వచ్చినవాళ్ళం కోతికే మొక్కుడేందని అన్నాను. పందొమ్మిదేళ్ళ వయసు, కొత్తగా వచ్చిన తెలివి, నోరు ఆగుతుందా? బాపు అరవలేదు. హారతి పళ్ళెం గూట్లో పెట్టి, ఇక నల్గొండ పోయేది లేదన్నాడు.

“దేవుణ్ణి తీసేసే సదువు మనకొద్దు. ఇంటికాడుండి కండెలు చుట్టు.”

అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. మగ్గానికి నూలు కండెలు చుడుతూ వారమంతా ఏడ్చాను. చదువు పోతుందన్న దుఃఖం ఒకటి, బాపు నాతో మాట్లాడటం లేదన్న దుఃఖం ఒకటి. రెండోదే ఎక్కువ కోసింది.

నేను కాలేజీకి ఎందుకు రావడం లేదో హాస్టల్ పిల్లలు సార్‌కు చెప్పారట. ఆదివారం పొద్దున మా వాకిట్లో ఒక స్వామి నిలబడ్డాడు. బాపు మగ్గం గుంటలోంచి నడుం పట్టుకుని లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆయన వద్దంటున్నా తానే కాళ్ళు కడిగాడు. చాప వేసి, భిక్ష చేసి పొమ్మన్నాడు. అప్పుడు చెప్పారు సార్, తాను నాకు జువాలజీ చెప్పే మనిషినని. బాపు చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. కాళ్ళు కడిగిన స్వామిని బయటికి పొమ్మనలేడు కదా. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

“మెడల మాల ఏసుకొని, కోతి నుంచి మనిషి పుట్టిండని ఎట్ల చెప్తున్నరు స్వామీ?” అని అడిగాడు బాపు.

“పుట్టిండని నేను చెప్పలే అన్నా. కోతి మన పాలోడు. ఎన్కట తాత ఒక్కడే. అటు పోయినోళ్ళు కోతులయిండ్రు, ఇటొచ్చినోళ్ళం మనమైనం.”

పాలోళ్ళంటే మా వైపు ఒకే వంశంలోంచి చీలిన దాయాదులు. వాళ్ళ మధ్య తగాదా లేని ఊరు లేదు. పాలోళ్ళు కాబట్టే చిక్కుడు పాదును మిగలనిస్తలేవని అమ్మ వంటింట్లోంచి అంది. మా ఊళ్ళో కోతుల బెడద అంతా ఇంతా కాదు. బాపు మూతి బిగించుకున్నా మీసం కదిలింది.

“అయితే చేసినోడు లేనట్టేనా?” అన్నాడు గొంతు తగ్గించి. బాపు కోపం వెనక ఉన్నది ఈ భయమేనని నాకప్పుడు తెలిసింది.

“ఎముకలు చూస్తే ఎట్ల జరిగిందో తెలుస్తది అన్నా. ఎవరు మొదలువెట్టిండ్రో వాటి మీద రాసి లేదు. అది నాకు తెల్వదు. ఉన్నడని నమ్ముత, గందుకే మాల ఏసుకున్న. పిల్లలకు మాత్రం ఎముకలు చెప్పిందే చెప్త.”

బాపు లేవబోయి, నడుం కింద చెయ్యి పెట్టుకుని ఆగాడు. ఏళ్ళ తరబడి గుంట గట్టు మీద కూర్చుని కూర్చుని అక్కడ నొప్పి పట్టింది. ఎక్కడ నొప్పి అని సార్ అడిగి తెలుసుకుని, అదే తోకెముక అన్నారు. బాపు మా క్లాసు ఆడపిల్లల్లాగే సిగ్గుపడుతూ వేలితో తడిమి చూసుకున్నాడు. వేలు అక్కడే ఆగింది, కనుబొమలు లేచాయి. తర్వాత గోడ మీది ఆంజనేయుని పటం వైపు తిరిగాడు.

“ఇన్నేండ్లు మొక్కినందుకు నాకు గీ తోక ముక్కన్న ఇచ్చిండన్నట్టు.”

సార్ నవ్వలేదు. రెండు చేతులూ జోడించారు. భిక్ష అయ్యాక బాపు నా సంచీ తానే తెచ్చి వాకిట్లో పెట్టి, బస్సు టైమవుతోందన్నాడు.

బస్సులో సార్‌ను అడిగాను, ఇది రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం కాదా అని. నల్గొండ వాళ్ళకు పడవలెక్కడివని, నడిచేవాళ్ళకు రెండు కాళ్ళూ కావాలని నవ్వారు. ఆ తర్వాత, అడగకుండానే, తన భార్య సంగతి చెప్పారు. ఆమె దవాఖానాలో ఉన్నప్పుడు మాల వేసుకుంటానని మొక్కుకున్నారట. ఆమె దక్కలేదు.

“మరి ఎందుకు ఏసుకుంటున్నరు సార్?” స్వామీ అనాలని కూడా మరిచిపోయాను.

“దక్కితేనే ఏసుకుంటనని బేరం పెట్టలే గదా బిడ్డా.”

తర్వాత నల్గొండ దాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు.

సార్ నిరుడు కాలం చేశారు. బాపు ఇంకా నేస్తూనే ఉన్నాడు. నొప్పి లేచినప్పుడల్లా తోక గుంజుతోందంటాడు. నేను సార్ నమ్మినంతగా నమ్మలేను, అట్లాగని హారతి పళ్ళెం తోసెయ్యనూ లేను. తెలియనిది తెలియదని చెప్పడానికి మాత్రం సిగ్గుపడను, అది ఆయన పెట్టిన భిక్ష.

మొన్న ఆ పిల్లవాడు చివరికి నోరు విప్పాడు. మాల మీదుండగా ఈ పాఠం చదివితే పాపం తగులుతుందేమోనని వాళ్ళ అవ్వ భయపడుతోందట. మాల తీసినంక చదువుకుంటానన్నాడు. అప్పటికి పరీక్ష అయిపోతుంది. నేను కుర్చీ జరిపాను.

“కూసో స్వామీ. ముందుగాల వెన్ను కింద వేలు పెట్టి చూడు.”

వాడు సిగ్గుపడుతూ చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. వేలికి అది తగలగానే వాడి ముఖం మారింది. ఆ ముఖాన్ని నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను, మోత్కూరులో, మా మగ్గం పక్కన.