బూడిద మాదేనండీ

నా చిన్నప్పుడు మా వీధిలో బూడిద రాలితే ఆ నింద బొగ్గింజను రైలు మీద వేసేవాళ్ళం. గుడివాడ స్టేషనుకీ, ఒక బియ్యం మిల్లుకీ మధ్యన ఉండేది మా వీధి. ఆరేసిన బట్టల మీదా, అరుగుల మీదా, మూత పెట్టడం మరిచిపోతే మంచినీళ్ళ బిందెలోనూ సన్నటి బూడిద పడుతూనే ఉండేది. ఆడవాళ్ళు చీర దులుపుకుంటూ "భీమవరం బండి వెళ్ళినట్టుందే" అనేవారు. బండి వెళ్ళినా వెళ్ళకపోయినా అదే మాట. ఎందుకంటే వీధిలో సగంమంది మగవాళ్ళు ఆ మిల్లులోనే పనిచేసేవారు. మా నాన్న బాయిలర్ దగ్గర ఉండేవాడు. వడ్లు ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం ఆడే మిల్లు అది. వడ్లు ఆడగా మిగిలిన ఊకనే బాయిలర్లో పోసి మండించేవారు. అన్నం పెట్టే మిల్లును ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. రైలుకైతే కోపం రాదు, పనిలోంచి తీసెయ్యదు. అందుకని తిట్లన్నీ దానికే పడేవి.

ఆ చలికాలం మా చంటి తమ్ముడికి ఆయాసం పట్టుకుంది. ఇంకా కూర్చోవడం కూడా రాని పసివాడు. తెల్లవారేసరికి డొక్కలు ఎగరేస్తూ, గొంతులో పిల్లికూతలతో ఊపిరి కోసం పెనుగులాడేవాడు. డాక్టరుగారు మందిచ్చి, మళ్ళీ ఇలా ముదిరితే పిల్లవాడు దక్కడం కష్టమని చెప్పి పంపారు. పనుల మధ్య కూడా వాణ్ణి కనిపెట్టుకుని ఉండాలని అమ్మ ఉయ్యాలను వంటింట్లోనే కట్టింది. ఉయ్యాల ఊపుతూ వాడి ఊపిరి వింటూ కూర్చోవడం నా పని. వాడు మధ్యలో ఊపిరి ఆపినప్పుడల్లా నేనూ బిగబట్టేదాన్ని. వాడు మళ్ళీ తీసుకుంటేనే నాకూ ఆడేది.

మా పక్కింట్లో ఒక టీచరుగారు ఉండేవారు. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆదివారం చర్చికి కట్టుకువెళ్ళే తెల్లచీర మీద బూడిద పడితే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. నోరు కాస్త కటువే. కానీ అమ్మకు జ్వరమొస్తే వంట చేసి పంపేది ఆవిడే, నా గోళ్ళలో మట్టి చూసి చెవి మెలిపెట్టేదీ ఆవిడే. ఒకరోజు తమ్ముణ్ణి చూడడానికి వస్తే నాన్న ఎప్పటిలాగే రైళ్ళ పొగ పిల్లవాణ్ణి బతకనిచ్చేలా లేదని వాపోయాడు. ఆవిడ మా నాన్నకేసి చూసి, "పట్టాలు బాగుచేస్తున్నారని నిన్నట్నుంచి బళ్ళే రావట్లేదు కదా తమ్ముడూ. మరి మీ అరుగు మీద ఇదెక్కడిది?" అన్నారు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని మిల్లుకు వెళ్ళిపోయాడు.

బళ్ళు మళ్ళీ తిరగడం మొదలయ్యాక ఆవిడ నన్ను పిలిచి మూడు తెల్లటి పింగాణీ పళ్ళాలు బయటికి తీశారు. వాటి నిండా పల్చగా ఆముదం రాయమన్నారు. గాలిలో ఎగిరేది ఏదైనా ఆ జిడ్డుకు అంటుకుని కదలకుండా ఉంటుందట. ఒకటి స్టేషను పక్కనున్న తెలిసినవాళ్ళ గోడ మీద పెట్టించారు. ఒకటి మా వీధిలో మిల్లు వైపు గోడ మీద పెట్టారు. మూడోది నా చేతికిచ్చి, ఉయ్యాల పైనున్న వంటింటి గూట్లో పెట్టమన్నారు. ఇంట్లో పెట్టింది తెల్లగా ఉంటుంది కదా, మిగతా రెండూ ఎంత మాసిపోయాయో దాంతో పోల్చి చూద్దాం అని అమ్మకు చెప్పారు. ఆవిడకు అప్పటికే సంగతి తెలుసునని, కావాలనే అలా చెప్పారని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఆ చీరతోనే మా పెరట్లో కూర్చుని పళ్ళాలు తెప్పించారు. నాన్నకు ఆ రోజు సెలవు. స్టేషను పళ్ళెంలో అక్కడక్కడ నల్లటి రవ్వలున్నాయి. గోటితో నొక్కితే బొగ్గులా కరకరమన్నాయి. మిల్లు వైపు పళ్ళెం బూడిదరంగుకు తిరిగిపోయింది. పొరలు పొరలుగా తేలికపాటి రేకులు, ఎండకు పెడితే చిన్నగా మెరిశాయి. ఆవిడ చిటికెడు తీసి నా వేళ్ళ మధ్య రుద్దారు. ఇసుకలా గరగరలాడింది. వరి మొక్క నేలలోంచి ఇసుకలాంటి పదార్థాన్ని తాగుతుందనీ, అది ఊకలో చేరుతుందనీ, ఎంత మండించినా అది కాలదనీ, బొగ్గులో అలాంటి మెరుపు ఉండదనీ నాకు చెబుతున్నట్టుగా చెప్పారు. నిజానికి నాన్నకు ఆ పాఠం అక్కర్లేదు. రోజూ పారతో ఎత్తిపోసే బూడిదను ఆయన గుర్తుపట్టకపోవడం ఏమిటి? తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు నేను వంటింటి పళ్ళెం తెచ్చాను. అది తెల్లగా లేదు. మిగతా రెండింటికంటే నల్లగా ఉంది. ఆవిడ వేలితో ఒక గీత గీస్తే వేలికి కాటుకలాంటి జిడ్డు మసి అంటుకుంది.

మా వంట ఊక పొయ్యి మీదే. మిల్లు నుంచి నాన్న బస్తాలతో ఊక తెచ్చేవాడు. రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి గట్టిగా కూరి దిమ్మిస్తారు. సీసాను మెల్లగా పైకి లాగేస్తే మధ్యలో గొట్టంలా ఖాళీ మిగులుతుంది. అడుగునున్న కంతలో నిప్పు పెడితే మంట ఆ ఖాళీలోంచి పైకి వస్తుంది. మా వీధిలో ఇల్లాలి పనితనమంతా ఊకను ఎంత గట్టిగా దిమ్మించిందన్న దాని మీదే ఉండేది. ఉదయం వెలిగించిన పొయ్యి సాయంత్రం దాకా కాలితే గొప్ప. అందుకని అడుగు కంతకు ఒక పెంకుముక్క అడ్డం పెట్టి, మంటను అణిచి అణిచి వాడుకునేవారు. అందులో మా అమ్మకు పెట్టింది పేరు. చుట్టుపక్కల కొత్త కోడళ్ళు పొయ్యి పెట్టడం నేర్చుకోవడానికి మా ఇంటికే వచ్చేవారు.

అమ్మ ఆ పళ్ళాన్ని రెండు చేతులతో తీసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఇది నా పొయ్యిదే అక్కగారూ. వీడి ఉయ్యాల నేనే ఇక్కడ కట్టాను" అంది. ఆ మాటలో సాకు లేదు, బుకాయింపు లేదు. ఆ తర్వాత నా జీవితంలో ఎంతోమంది చదువుకున్నవాళ్ళను చూశాను కానీ, తన మీదికి వచ్చే మాటను అంత నిబ్బరంగా ఎదురెళ్ళి అందుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

టీచరుగారు కటువు మనిషని అన్నాను కదా, ఆ పూట మాత్రం ఆవిడ గొంతు మెత్తబడిపోయింది. తప్పు అమ్మది కాదని, గాలి దొరకని నిప్పుదని చెప్పారు. లాంతరు తెమ్మని, వెలిగించి, చిమ్నీ పైన రేకుముక్క కప్పారు. మంట కుంచించుకుపోయి పసుపెక్కి, చూస్తుండగానే గాజంతా మసిబారింది. రేకు తీసేస్తే మంట మళ్ళీ తేరుకుని కుదురుగా వెలిగింది. పొగంటే వేరే ఏదో కాదట. కాలాల్సిన ఊకే, సరిపడా గాలి అందక సగంలో ఆగిపోయి అలా బయటికి వస్తుందట. మసైతే కనిపిస్తుంది, దాంతోపాటు రంగూ వాసనా లేని విషవాయువు ఒకటి పుడుతుందనీ, అది నెత్తురులోకి వెళ్ళి ప్రాణవాయువు చోట్లో కూర్చుంటుందనీ చెప్పారు. చలికాలం పొద్దుటిపూట కింద గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి మూత పెట్టినట్టవుతుందట. అందుకే మిల్లు పొగైనా మన పొగైనా పైకి పోలేక ఇళ్ళ మధ్యనే తిరుగుతుందట. తమ్ముడికి తెల్లవారుజామునే ఎందుకు ఎక్కువవుతోందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ మధ్యాహ్నమే ఉయ్యాల ముందుగదిలోకి మారింది. నాన్న వంటింటి పైకప్పు ఎక్కి, కొన్ని పెంకులు తీసి, వాన పడకుండా వాటి పైన ఎత్తుగా రేకు అమర్చాడు. పొయ్యి వెనక గోడకు కంత పెట్టాడు. అమ్మ అడుగు కంతకున్న పెంకు తీసి పారేసి, ఊకను వదులుగా పోయడం మొదలుపెట్టింది. ఊక తొందరగా అయిపోయేది, మంట మాత్రం చక్కగా పైకి లేచేది. అంత చక్కగా పొయ్యి పెట్టే మనిషికి ఇదేం పాడుబుద్ధి అని వీధిలో ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ వాళ్ళనూ పిలిచి పళ్ళెం చూపించింది.

కానీ పొద్దున్న పూట తమ్ముడి పిల్లికూతలు పూర్తిగా పోలేదు. వంటిల్లు తేటపడ్డా, అరుగు మీద బూడిద పడుతూనే ఉంది. ఒకరోజు నాన్న భోజనానికి కూర్చున్నప్పుడు అమ్మ వడ్డిస్తూ, గొంతు పెంచకుండానే, "నా పొయ్యి సంగతి నేను ఒప్పుకున్నానండీ. మరి మీ పొయ్యి సంగతేంటి?" అంది. ఆ ఉద్యోగం పోతే మాకు ఇంకో ఆధారం లేదు. ఆ సంగతి అమ్మకూ తెలుసు. తెలిసే అడిగింది.

మర్నాడు నేను క్యారేజీ తీసుకుని మిల్లుకు వెళ్ళేసరికి నాన్న యజమాని గారి ముందు నిలబడి ఉన్నాడు. వీధిలో బూడిద గురించి ఎవరో మునిసిపాలిటీకి చెప్పారట. అది రైలుదని బాయిలర్ మనిషి చేత కూడా చెప్పిద్దామని ఆయన నాన్నను పిలిపించారు. గుమాస్తాలు, కాటా మనుషులు అందరూ అక్కడే ఉన్నారు. నాన్న చేతులు కట్టుకుని, "రైలుది కాదండీ బాబుగారూ. బూడిద మనదేనండీ" అన్నాడు. ఆయన నమ్మలేనట్టు చూసి, ఇన్నాళ్ళూ రైలుదని నువ్వే కదా అన్నావని అడిగారు. "మీరు పెట్టే కూడు తింటున్నాను కదండీ, అందుకని అన్నాను. ఇంట్లో పసివాడికి ఊపిరాడట్లేదండీ" అని, ఊక కుప్పగా కాకుండా కొంచెం కొంచెంగా వేస్తే బాగా మండుతుందని, పొగగొట్టానికి ముందు ఇటుకలతో ఒక గది కట్టి పొగను దాని గుండా తిప్పితే బూడిద చాలావరకు అక్కడే దిగిపోతుందని చెప్పాడు. నేను క్యారేజీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

నాన్నను పనిలోంచి తీసెయ్యలేదు కానీ బాయిలర్ దగ్గర్నుంచి గోడౌనుకు మార్చారు. బస్తాలు మోసి భుజం కాయలు కాసింది. మిల్లులో తోటివాళ్ళు చాలాకాలం ముభావంగా ఉన్నారు. పని లేని రోజుల్లో బాయిలర్ బాగుచేయించినప్పుడు యజమాని గారు ఆ ఇటుకల గది కట్టించారు. అది నాన్న చెప్పినదేనని ఎవరూ అనలేదు, నాన్నా అనలేదు. ఆ తర్వాత చలికాలానికి వీధిలో బూడిద బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

తమ్ముడు దక్కాడు. ఛాతీ మాత్రం బలహీనంగానే మిగిలింది. ఇప్పుడు వాడికీ మనవలున్నారు, మంచు పడితే జేబులో ఇన్‌హేలర్ లేకుండా గడప దాటడు. అమ్మ పెద్దతనం రాకుండానే దగ్గుతో పోయింది. ఆ పొయ్యి ముందు అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది తను. మేమందరం చంటివాడి ఊపిరి గురించే ఆలోచించాం. ఆ బాధ నాకు ఈనాటికీ తీరలేదు.

పెళ్ళయి ఘంటసాల దగ్గరి ఊరికి వచ్చాను. మా వారు పోయాక పొలం కౌలుకిచ్చాను. మా తరంలో కోతకు ముందే, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేసేవారు. ఇప్పుడు కోత మిషను చక్రాల కింద ఆ మొలకలు నలిగిపోతున్నాయని, ముందు కోయించి, మిషను వదిలిన గడ్డి తగలబెట్టి, అప్పుడు చల్లుతున్నారు. కోతలయ్యాక ఊరంతా పొగ. మొన్నటి కోతలప్పుడు అంగన్‌వాడీలో పిల్లలు దగ్గలేక అల్లాడుతుంటే అక్కడి టీచరు పంచాయతీ ఆఫీసుకు వచ్చి, ఆ పొగ ఎవరి చేలదని అడిగింది. పెద్దమనుషులందరూ ఉన్నారు. ఇంటిపన్ను కట్టడానికి వెళ్ళి నేనూ అక్కడే కూర్చున్నాను. కాలవ అవతలి వాళ్ళదని ఒకరు, చల్లపల్లి వైపు నుంచి గాలి తెస్తోందని ఒకరు అన్నారు. ఆ టీచరు చిన్న పిల్ల, పాపం, ఎవరిని నమ్మాలో తెలియక అందరి ముఖాలూ చూస్తోంది.

మా కౌలుదారు పొద్దున వచ్చి గడ్డికి నిప్పు పెట్టమంటారా అని అడిగితే సరేనన్నది నేను. వయసులో పెద్దదాన్ని, నన్ను వేలెత్తి చూపించేవాళ్ళు ఎవరూ లేరు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్ల ముఖం చూస్తూ ఊరుకోలేకపోయాను. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాను.

"మాదేనమ్మా" అన్నాను. "ఇవాళ్టి పొగ మా చేనుదే. ఆపిస్తాను."

ఆ రోజు మిల్లులో నాన్న కూడా ఇలాగే అందరి ముందూ అన్నాడు.