వెనకమూతలు తీసిన హెడ్‌ఫోన్లు

అల్లూరు అవతల కాలువగట్టును ఆనుకునే పద్మనాభయ్య ఇల్లూ, దాని వెనకే చేనూ. ఆయన రేడియోకు స్పీకరు లేదు. ఉండేది, పందికొక్కు తినేసింది. బామ్మర్ది మద్రాసులో మిలిటరీ పాతసామాన్ల అంగట్లో కొనుక్కొచ్చిన హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేవాడు. అరవై ఒకటో సంవత్సరం నాటి మాట.

వాటికి తోలు మెత్తలు, వెనక రేకు మూతలు. పెట్టుకుంటే ఇల్లూ, గొడ్లూ, భార్య వెంకటశేషమ్మా ఒక్కసారిగా మాయం. కచ్చేరి తన తలకాయలోనే జరుగుతుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. పాటగాడు పుర్రెలో కూర్చుని పాడతాడట. మృదంగం ఆయనకే చోటు ఇరుకట.

ఆ ఏడు కాలువలో నీళ్ళు తక్కువ. వంతులవారీగా వదిలేది ముత్యాలయ్య. పొద్దుగూకే వేళ గట్టుమీద నిలబడి, వంతు ఎవరిదో వాళ్ళ చేనివైపు తిరిగి "ఓ..." అని కూతపెడతాడు. ఆసామి గట్టిగా పలకాలి. పలక్కపోతే నీళ్ళు పక్కమడికి. పద్మనాభయ్య వంతునాడు తలకాయలో కచ్చేరి జోరుగా ఉంది. వెంకటశేషమ్మ పలికింది గానీ ఆడగొంతు కట్టుబాటులో లేదు. నీళ్ళు జయరామయ్య మడికి పోయాయి.

నారు పచ్చబడింది. ఇంకో వంతు తప్పితే ఎండిపోయినట్టే. ఈసారి తప్పితే రేడియో బావిలో పడుతుందని వెంకటశేషమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆమె నెమ్మదిగా చెప్పినవన్నీ జరిగేవి.

పద్మనాభయ్య కూర్చుని మెత్తలు కోసేశాడు, వెనకమూతలు ఊడదీశాడు. పెట్టుకుని చూస్తే పాటగాడు పుర్రెలోంచి లేచి వాకిట్లోకి వచ్చాడు. ఫిడేలు పశువుల కొట్టం దగ్గర, మృదంగం గడ్డివాము పక్కన సర్దుకున్నాయి. మధ్యమధ్య గేదె నెమరు కూడా వినపడేది, తాళం తప్పకుండా.

మళ్ళీ వంతు వచ్చింది. పాటగాడు ఆలాపనలో పైపైకి పోతున్నాడు. సరిగ్గా అప్పుడే ముత్యాలయ్య కూత అదే శ్రుతిలో వచ్చి గడ్డివాము మీద వాలింది. పద్మనాభయ్య కళ్ళు మూసుకుని, ఊరంతా వినేట్టు "భేష్" అన్నాడు.

ఆడచెయ్యి పార పట్టకూడదని కట్టుబాటులో లేదు. వెంకటశేషమ్మ పోయి తమ మడికి మడవ తెరిచింది.

జయరామయ్య పరిగెత్తుకొచ్చి అడ్డంపడ్డాడు. అది పలుకు కాదనీ, రేడియోకు చెప్పిన మెప్పనీ, నీళ్ళు తనవేననీ వాదించాడు. ముత్యాలయ్య ఎటూ తేల్చలేక తల గోక్కున్నాడు. ఇంతలో పద్మనాభయ్యే వచ్చాడు, హెడ్‌ఫోన్లు మెడలో, తీగ మట్టిలో ఈడ్చుకుంటూ.

"ఒట్టేసి చెప్పు బావా, భేష్ అన్నింది ఎవుర్ని?" అన్నాడు జయరామయ్య.

వెంకటశేషమ్మ పార మీద చెయ్యి ఆన్చి మొగుడి మొహమే చూస్తూ ఉంది. ఆయనకు అబద్ధం చేతకాదని ఆమెకు తెలుసు. ఆమె భయమూ అదే.

పద్మనాభయ్య తీగకంటిన మట్టి దులిపాడు.

"పైన ఒక 'ఓ' వచ్చింది. అది పాడినాయన్ని అన్నా," అన్నాడు. "మనిషెవరో తెలీదు. గొంతు మాత్రం గొంతే."

ముత్యాలయ్య కూతను ఆ కాలువ కింద అంతవరకూ ఎవరూ మెచ్చుకుని ఉండలేదు. ఆయన తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"అది నేనే అన్నా," అన్నాడు. నీళ్ళు ఆగలేదు. నారు బతికింది.

ఆ తర్వాత పద్మనాభయ్య చేనివైపు కూత వంతువంతుకూ సాగుతూ పోయింది. గమకాలు కూడా పడ్డాయని అనేవాళ్ళు. జయరామయ్య కూడా తన వంతు వచ్చినప్పుడు "భేష్" అని చూశాడు. ముత్యాలయ్య నీళ్ళయితే వదిలాడు గానీ, "నువ్వు వినకుండా అంటుండావులే అన్నా," అన్నాడు.