ఎయిర్‌ఫోర్సు మావయ్యకి చత్వారం

తొంభైల్లో మా ముక్తేశ్వరం నుంచి ఆకాశంలోకి ఎగబాకినవి రెండే: కొబ్బరిచెట్లు, మా చిన్న మావయ్య. ఎయిర్‌ఫోర్సు సరుకు విమానంలో పైలట్ల వెనక కూర్చుని, ఇంజన్ల మీటర్లు చూసి అంకెలు చెప్పే ఉద్యోగం ఆయనది. ఆయన చూడకపోతే ఇంజన్లకి తిరగబుద్ధి కాదని ఊళ్ళో నమ్మకం. ఆ నమ్మకాన్ని పుట్టించింది నేనే.

నలభై దాటగానే ఆయనకి చత్వారం వచ్చింది. సెలవులో ఇంటికొచ్చి పేపరు పట్టుకుంటే చేతులు చాలేవి కావు. గోదావరి అవతలి ఒడ్డున పెడితే హాయిగా చదివేసేవాడు. విమానంలో మీటర్లు అంత దూరం జరగవు కదా!

"కళ్ళజోడు పెట్టుకో మావయ్యా."

"పెట్టుకుంటే దింపేస్తార్రా. దిగితే నేనెందుకు పనికొస్తాను?"

కళ్ళకి మంచిదని అత్తయ్య పొన్నగంటి కూర వండడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా చుట్టుపక్కల గట్లన్నీ బోడిగుండ్లయ్యాయి. అక్షరం ఒక్కటీ దగ్గరకు రాలేదు.

చివరికి స్కూటరు మీద అమలాపురం తీసుకెళ్ళాను. కళ్ళజోళ్ళ కొట్టాయన చీటీ రాస్తూ అడిగాడు.

"ఎవరికండీ?"

"మా నాన్నగారికండి," అన్నాడు మావయ్య.

"ఆయన్ని తీసుకురాలేదేటండీ?"

"ఆయన కళ్ళూ నా కళ్ళూ ఒకటేనండి."

"ఆయ్, అలాగేనండి. అయితే నాన్నగారూ, ఈ వరస చదవండి."

ఆ జోడు ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని వాడేవాడు. విమానంలో మాత్రం, ముల్లు ఎటు వాలిందో మసగ్గా తెలిస్తే చాలు, అంకె ఊహించి చెప్పేసేవాడట. ఏడాదిపాటు అలాగే సాగింది. ఇదొక్కటి నేను పెంచి చెప్పడం లేదు.

ఒకరోజు ఆయిల్ మీటరు ముల్లు పడిపోవడం ఆయనకి కనబడలేదు. పైలట్ చూశాడు. విమానం క్షేమంగా దిగింది. మావయ్య మళ్ళీ ఎక్కలేదు.

కళ్ళు పరీక్ష చేసిన ఎయిర్‌ఫోర్సు డాక్టరు నంబరు చూసి ఆశ్చర్యపోయాడట. "ఇంతేనా? మీవాళ్ళు చాలామంది అద్దాలతోనే ఎగురుతున్నారు. వచ్చి అడిగితే మేమే ఇచ్చేవాళ్ళం కదా!"

మావయ్యని సామాన్ల గోదాంకి వేశారు. తరవాత సెలవుకి వచ్చినప్పుడు, "పై వాళ్ళకి అర్జీ పెట్టు మావయ్యా, అద్దాలతో ఎగరొచ్చని డాక్టరే అన్నాడుగా," అన్నాను.

"కళ్ళకి దించలేదురా. దాచినందుకు దించేరు. ఏమని పెట్టమంటావు?"

ఏదో ఒకటి కల్పించి చెబుదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆయనకింకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది, అంతా గోదాంలోనే.