అడవి గేటు, జపాను వేలు

ఇది రాసి పెట్టకపోతే నాతోనే పోతుంది. ఆనాడు ఆ గొంతు విన్నది ఇద్దరమే, ఇప్పుడు చెప్పడానికి మిగిలింది నేనొక్కణ్ణే; పైగా ఆ గేటు కూడా లేదు కాబట్టి, కాగితం మీదైనా దానికింత చోటు ఉండాలని కూర్చున్నాను.

మొన్న మనవరాలు తన ఫోనులో జపాను వాళ్ళ బుల్లెట్ రైలు చూపించింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న డ్రైవరు, పక్కన ఎవరూ లేకపోయినా, ఎదురుగా ఉన్నదాన్ని వేలితో చూపించి పైకి ఏదో పలుకుతున్నాడు. చూస్తుండగానే నా చూపుడువేలు దానంతటదే లేచింది. "నీకెట్ల తెలుసు తాతా గిది?" అని పిల్ల నవ్వింది.

నేను బడిలో చదివింది ఏడో తరగతే. మిగతా చదువంతా కారేపల్లి గ్రంథాలయం పెట్టిన భిక్ష. కారేపల్లి దాటాక అడవిలో ఉండే రైల్వే గేటు మీద నన్ను గేట్‌మన్‌గా వేసినప్పుడు, రోజుకు నాలుగైదు బొగ్గు బండ్లు తప్ప పలకరించే దిక్కు లేక, వారానికో పుస్తకం సంచిలో వేసుకుని పోయేవాణ్ణి. అట్ట ఊడిపోయిన ఆ జపాను రైళ్ళ పుస్తకం అలా దొరికింది. టోక్యో నుంచి ఒసాకాకు మొట్టమొదట వేసిన లైను ముచ్చట, భూమి కంపిస్తే కరెంటు ఆగి రైళ్ళు వాటంతటవే నిలిచిపోయే ఏర్పాటు, రోజూ పొద్దున్నే ప్రయాణికుల బండి కదలకముందే దారి చూసుకుంటూ పోయే ఖాళీ బండి, అన్నీ రెండేసి సార్లు చదివాను. సొరంగంలోంచి వచ్చే రైలు ఫిరంగిలా మోగుతుంటే, పిట్టలంటే మక్కువ గల ఒక ఇంజనీరు లకుముకి పిట్ట ముక్కు చూసి రైలు ముక్కు మార్పించాడని చదివిన రోజు, మా వాగు మీది తీగపై వాలే లకుముకిని గంటసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ రైళ్ళు పరుగెత్తే దారిలో మాలాంటి గేటు ఒక్కటీ లేదని తెలిసినప్పుడు మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాను.

నన్ను పట్టుకున్నది వాళ్ళ వేలి పద్ధతి. కన్ను చూసినదాన్ని వేలు చూపాలి, నోరు పలకాలి, చెవి వినాలి. అప్పుడు మనిషి పొరబడడట. మర్నాడే మొదలుపెట్టాను. స్టేషన్ నుంచి ఫోను రాగానే చక్రం తిప్పి గేట్లు దించి, వేలు చాపి మూడు పిలుపులు పిలిచేవాణ్ణి: "ఇటు గేటు పడ్డది", "అటు గేటు పడ్డది", "లైను ఖాళీ". ఆ తరువాతే పచ్చజెండా. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని పట్టాలు చూస్తూ వచ్చే కీమన్ అన్న, "ఏంది తమ్మీ, చెట్లకు ఉపన్యాసమా?" అని పగలబడి నవ్వాడు.

పది రోజులకు చెట్లు బదులివ్వడం మొదలైంది. వాగవతల నుంచి నా మాటే, నా గొంతే, కాస్త ఆలస్యంగా. ప్రతిధ్వని శాస్త్రం కూడా చదివినవాణ్ణి గనుక, కీమన్ అన్నకు సంబరంగా వివరించాను. ఈసారి ఆయన నవ్వలేదు. "గొంతు తిరిగి రావాలంటే గుట్టో గోడో ఉండాలని నువ్వే అంటివి. వాగవతల అంత చదునే గదా తమ్మీ, గుట్టేది?"

ఆ తరువాత పిలిచినప్పుడల్లా నా చెవి వాగవతలే ఉండేది. ఒక్కోసారి నేను నోరు తెరవకముందే అవతల ఎవరో ఊపిరి తీసుకున్నట్టు ఉండేది. మానేద్దామంటే, మానితే ఏమవుతుందోనని ఇంకా భయం. ఇందులో నాకు తెలియకుండానే ఒక పాడు అలవాటు పడింది: చూసి పలకాల్సినవాణ్ణి, ఊరికే పలికి, బదులు వస్తే చూసినట్టే లెక్క అనుకోసాగాను. చూసే పని దానికి అప్పజెప్పాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ముసురు. మా ఆవిడ అటువైపు నుంచి లైను దాటి నాకు సద్ది తెచ్చే వేళ. బొగ్గు బండి వస్తోందని ఫోను మోగింది. చక్రం తిప్పి, రిజిస్టరు తడవకుండా చూసుకుంటూ, వంచిన తల ఎత్తకుండానే వేలు చాపాను. "ఇటు గేటు పడ్డది." బదులొచ్చింది. "అటు గేటు పడ్డది." రాలేదు. "లైను ఖాళీ" అన్నాను. అడవిలో ఆకు మీద చినుకు చప్పుడు కూడా ఆగిపోయినట్టయింది.

తలెత్తాను. అటు గేటు సగంలో నిలిచిపోయి ఉంది. గేటును దించే తీగ కప్పీ మీంచి జారింది. ఆ కప్పీకి గ్రీజు పెట్టాల్సింది నేనే, వారంగా పెట్టలేదు. ఆ గేటు కింద నుంచి వచ్చి, గోనెసంచి తల మీదుగా కప్పుకుని, పట్టాల నడుమ వంగి ఉంది మా ఆవిడ. పట్టా పక్క సందులో చెప్పు ఇరుక్కుంది. మలుపులో ఇంజను కూత వేసింది.

ఎలా ఉరికానో తెలియదు. రెక్క పట్టి లాగి ఇద్దరం కంకర మీద పడ్డాక, బొగ్గు బండి పెట్టె వెంట పెట్టె మా మీద నల్లటి నీళ్ళు చిమ్ముతూ ఎంతసేపు పోయిందో! చప్పుడు సద్దుమణిగాక ఆవిడ మొదట అన్నది, "కొత్త చెప్పులయ్యా, ఒక్కటి పాయె!" అని. తరువాత నా ముఖం చూసి, "అయినా గంతగనం అరుసుడెందుకు? తీసుకుంటనే ఉంటి గదా! లైను ఖాళీ లేదు, లైను ఖాళీ లేదని నా చెవులనే అరిస్తివి" అంది.

నేనన్నది ఖాళీ అని.

తప్పు నాదేనని పైవాళ్ళకు రాసిచ్చాను, శిక్ష పడింది. గొంతు సంగతి మాత్రం ఆ కాగితంలో రాయలేదు. ఆ రోజు నుంచి తలెత్తి, కళ్ళారా చూసి పిలిచాను. దిగిపోయే రోజు దాకా మూడు పిలుపులకూ బదులు వస్తూనే ఉంది.

ఇప్పుడు గేటు తీసేసి పట్టాల కింద నుంచి దారి వేశారు. జపాను లైనులాగే మాకూ గేటు లేదు, మంచిదే. కానీ బండి పోతుంటే నిలబడి చూసే మనిషి కూడా లేడు. ఫోనులో రైలు చూసిన మర్నాడు మనవరాలు స్కూటీ మీద నన్నక్కడికి తీసుకెళ్ళింది. గేట్లు లేవు గనుక మొదటి రెండు పిలుపులకూ పని లేదు. పట్టాలను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. గోనెసంచి కప్పుకుని వంగినవాళ్ళెవరూ కనబడలేదు. వేలు చాపి, "లైను ఖాళీ" అన్నాను.

బదులు రాలేదు. రాకపోతే అర్థమేమిటో నాకు తెలుసు. పిల్ల ఎంత పిలిచినా చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

అట్ట లేని పుస్తకాన్ని పారేయకుండా నా చేతికిచ్చిన గ్రంథాలయం సారు రామనాథం గారికి, గుట్టేదని అడిగిన కీమన్ యాకయ్య అన్నకు, ఇదంతా రాయమని వెంటపడిన మనవరాలు అఖిలకు, ఆ ఒంటి చెప్పు కోసం పోయిన ఏడాది కన్నుమూసే దాకా నన్ను సాధించిన మా సత్తెమ్మకు నా దండాలు. వాగవతలి గొంతుకు కూడా. దాని పేరు తెలియదు. అడిగితే నా గొంతుతోనే చెబుతుందని ఎన్నడూ అడగలేదు.