పళ్ళెంలో పెన్నులు

మా రైల్వే క్వార్టర్సులో ఒక ఆచారం ఉండేది. మీరెక్కడా విని ఉండరు, ఎందుకంటే అది నావల్లే పుట్టింది. మెట్రిక్‌లో నేను స్కూలు ఫస్టు వచ్చాక, పక్కింటి అత్త తన కొడుకు ఇంకుపెన్ను తెచ్చి, "పాపా, దీంతోటి ఓసారి శ్రీ అని రాసీమ్మా. ఆడికీ నీ సదువు అబ్బుతాది" అంది. రాశాను. వాడు లెక్కల్లో గట్టెక్కాడు. ఆ ఏడు వాడు ట్యూషన్‌కి కూడా వెళ్ళాడన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. అప్పట్నుంచి ఏ పరీక్షలొచ్చినా ముందు ఆడవాళ్ళు పసుపు రాసిన పళ్ళెంలో పెన్నులు పెట్టుకుని మా గుమ్మం ఎక్కడం మొదలుపెట్టారు. టాటానగర్ స్టేషన్లో పనిచేసే తెలుగువాళ్ళందరికీ నేనే సరస్వతిని. సరస్వతికి జబ్బు చేస్తే ఎవరితో చెప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జబ్బు ఇంటర్ రెండో ఏడు, దసరా తర్వాత పట్టుకుంది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. ఫిజిక్సు పుస్తకంలో ఒకే వాక్యాన్ని పదిసార్లు చదివేదాన్ని. అక్షరాలు కనబడేవి, అర్థం లోపలికి దిగేది కాదు. నీళ్ళు తాగొచ్చేదాన్ని, మళ్ళీ చదివేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. నోట్సు పుస్తకం కొనాలని చెప్పి జుగ్సలాయి బజారుకు పోయి, గోదాముల ముందు లారీల మధ్య గంటసేపు తిరిగి, పుస్తకం కొనకుండా వచ్చేదాన్ని. మర్నాడు అదే పుస్తకం కోసం మళ్ళీ వెళ్ళేదాన్ని. అన్నం సయించేది కాదు, రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇలా ఉండేకన్నా లేకపోతేనే నయం కదా అన్న ఆలోచన కూడా రెండు మూడుసార్లు వచ్చింది. వచ్చినందుకు వణికిపోయాను.

అమ్మ దాన్ని దిష్టి అంది. ఆదివారం, మంగళవారం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే, "సూసినావా, దగ్గే రాలేదు. ఈ లైన్లో కళ్ళన్నీ దీనిమీదే" అని పొయ్యికి చెప్పేది. నేను పుస్తకం పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తుంటే, ఎంత చదువుతోందో అని మురిసిపోయేది కూడా ఆవిడే.

నాన్న గూడ్సు బండ్ల గార్డు. చాలా రోజులు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఆయన పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. లేవగానే నన్ను అడిగేది ఒక్కటే మాట: "ఎంతవరకొచ్చిందమ్మా?" "అవుతోంది నాన్నా" అనేదాన్ని. పచ్చి అబద్ధం. ఆయన మంచం కిర్రుమంటే చాలు, వినబడేలా పేజీలు తిప్పేదాన్ని. అలా తిప్పి తిప్పి కెమిస్ట్రీ పుస్తకం రెండుసార్లు పూర్తి చేశాను, ఒక్క ముక్క తెలియకుండా.

పరీక్షలింక వారం ఉన్నాయనగా పళ్ళెం వచ్చింది. పన్నెండు పెన్నులు. ముందు గదినిండా ఆడవాళ్ళు, లోపల నాన్న నిద్ర. మూడు పెన్నులతో శ్రీ రాశాను. నాలుగోది చేతిలోకి తీసుకోగానే, వీళ్ళ పిల్లలకి నా రోగం అంటిస్తున్నాను అనిపించింది. ఈ పెన్ను పట్టుకున్న పిల్లకి కూడా రేపు అక్షరాలు కనబడి అర్థం కనబడదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుందనుకుంటారేమో. నాకు రాదు.

"నేను రాయను" అన్నాను.

"ఫస్టొచ్చినోళ్ళకి ఆమాత్రం టెక్కుంటాది లే" అని ఎవరో నవ్వారు. అమ్మకి తల కొట్టేసినట్టయింది. "పెద్దోళ్ళడుగుతుంటే ఏటే ఆ మాట? రాయి" అని నా చెయ్యి పట్టుకుని కాగితం మీద ఆనించింది. విదిలించుకున్నాను. పళ్ళెం ఎగిరి గోడకి తగిలింది. పాళీలు వంకరపోయాయి, అమ్మ చీర నిండా ఇంకు.

నాన్న బనీనుతోనే బయటికొచ్చారు. ఆడవాళ్ళు ఎవరి పెన్నులు వాళ్ళు ఏరుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

"ఏటయ్యిందమ్మా?" అని నన్ను అడిగారు.

"నేను ముట్టుకున్న పెన్నుతో రాస్తే పిల్లలు పాడైపోతారు నాన్నా."

"గాలేదో సోకింది, గోవింద్‌పూర్లో భూతవైద్యుడున్నాడట" అని అమ్మ ఏడుపు లంకించుకుంది. నాన్న మాత్రం, "ఆస్పత్రికెల్దాం" అన్నారు. మర్నాడు డ్యూటీ మాని, అయినా యూనిఫాం వేసుకుని, నన్ను రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరు హిందీలో, "తక్లీఫ్ క్యా హై?" అని అడిగాడు.

"క్లాస్ మే ఫస్ట్ హై, సాబ్," అన్నారు నాన్న. "మెట్రిక్ మే పూరే స్కూల్ మే ఫస్ట్."

"గార్డ్ బాబూ, నేను అడిగింది కష్టం ఏమిటని" అన్నాడు డాక్టరు, హిందీలోనే. నాన్న తనకి నా గురించి తెలిసినవన్నీ అప్పటికే చెప్పేశారు.

నేనే చెప్పాను. "పఢా నహీ జాతా." చదవలేకపోతున్నాను అని తెలుగులో అయితే నా నోరు పెగిలేది కాదు. ఇంటి భాషలో నేను ఫస్టు. వీధి భాషలో ఎవరినైనా కావచ్చు. ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. నిద్ర లేకపోవడం, బజారులో తిరగడం, ఉత్త పేజీలు తిప్పడం, బతకాలని లేకపోవడం, అన్నీ హిందీలోనే చెప్పేశాను.

నాన్న కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"ఎప్పట్నుంచమ్మా?"

"దసరా నుంచి."

"దసరా నుంచా?" అన్నారు. "నాను ఇంట్లోనే ఉన్నాను గదమ్మా."