ఉప్పు లేని కూర

ఆక్రమించుకున్న ఊళ్ళో మకాం వేసిన సైన్యానికి వంట చేసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. తిండిని తిట్టే సిపాయి గురించి బెంగ అక్కర్లేదన్నది ఆయన సిద్ధాంతం. "ఇది కూరా, కుడితా?" అని లారీ డ్రైవరు రోజూ చిందులు తొక్కుతుంటే లోలోపల మురిసిపోతాడు. పరాయివాళ్ళ తలుపులు పగలగొట్టి ఇళ్ళు సోదా చేసి వచ్చేవాళ్ళే నోరెత్తకుండా పెట్టింది తిని లేస్తారు. అలా తిని లేచిన కుర్రాడొకడు పోయిన వానాకాలంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడమే మరిచిపోయానని బాబాయ్‌కి తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి అప్పుడప్పుడు కావాలనే ఉప్పు మానేస్తాడు. తిట్టకుండా తిన్నవాడి పక్కన చేరి, "ఏరా అబ్బాయ్, ఇంటి దగ్గర అంతా కులాసానా?" అంటూ వాడు నోరు విప్పేదాకా కదలడు. ఇద్దరిని అలాగే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఈ రోజూ ఉప్పు వెయ్యలేదు. మనుషులు చాలక డ్రైవర్లని కూడా సోదాకి పంపారు. తిరిగొచ్చిన వాళ్ళంతా బల్లల ముందు కూర్చున్నారు. బాబాయ్ గరిటె పట్టుకుని తిట్ల కోసం చెవులు రిక్కించాడు. చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"నోళ్ళు పడిపోయాయా మీకు? తిట్టండిరా!" అని అరిచాడు.

లారీ డ్రైవరు తలెత్తి, "బాగానే ఉంది బాబాయ్" అన్నాడు.

ఎవరి పక్కన కూర్చోవాలో బాబాయ్‌కి తోచలేదు.