మేక ముట్టని బతుకమ్మ

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తలో... మా వాడకట్టు పిల్లల బతుకమ్మలకు మేక జడ్జి.

కట్టంగూర్ దగ్గర మా ఊరు. బతుకమ్మ రోజుల్లో నలుగురు ఆడపిల్లలం చిన్న చిన్న బతుకమ్మలు పేర్చి పోటీ పెట్టుకునేవాళ్లం. ఎవరిది గెలిస్తే వాళ్ల బతుకమ్మ సాయంత్రం మా ఆటలో నడుమ ఉంటుంది... మిగతావి దాని చుట్టూ. బహుమతి అదే. మాకది చాలా పెద్దది.

అంతకు ముందటేడు స్రవంతి వాళ్లమ్మను తీర్పు చెప్పమన్నాం. ఆమె స్రవంతిదే బాగుందన్నది. తల్లులంతా వారం రోజులు మాట్లాడుకోలేదు.

అందుకే ఆ ఏడు మా అవ్వ అన్నది... "మనుషులతోని అయ్యేది కాదు గని, మేకను వెట్టుకోండ్రి. దానికి సుట్టాలు లేరు, పక్కాలు లేరు."

మేక జరీనా వాళ్లది. పేరు మున్నీ. జరీనా మా తరగతే... పోటీలో లేదు కాబట్టి తాడు పట్టుకునే పని ఆమెది. నాలుగు బతుకమ్మలూ వరసగా పెట్టాలి. మున్నీ మొదట దేనికి మూతి పెడితే అది గెలిచినట్టు. పెట్టగానే జరీనా తాడు గుంజాలి.

మొదటి రోజు స్రవంతిది గెలిచింది. రెండో రోజూ స్రవంతిదే. వాళ్లకు బోరు ఉంది... కొట్టం మీద గుమ్మడి తీగ, చేను గట్లంతా గునుగు, బంతి. మాది వానకు పండే చెలక. ఆ ఏడు వానలు లేక గునుగు కూడా మొలవలేదు. గుట్ట మీద తంగేడు మాత్రం విరగబూసింది. పొద్దున్నే బాపు, నేను పోయి కోసుకొచ్చేవాళ్లం. కింద మోదుగాకులు, పైన తంగేడు... అంతే నా బతుకమ్మ.

తంగేడును మేక ముట్టదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. నాకు రెండుసార్లు ఓడాక గానీ తట్టలేదు.

"బాపూ, స్రవంతోళ్లను జర గుమ్మడిపూలు అడుగుతవా?"

"ఎందుకు? మన గుట్టకేం తక్కువైంది? నువ్వు మంచిగ పేర్చు."

మూడో రోజు కసిగా పేర్చాను. పువ్వు పక్కన పువ్వు, సందు లేకుండా... మోకాలెత్తు. ఓడిపోతానని తెలిసే పేర్చాను.

మున్నీ వచ్చింది. నేరుగా స్రవంతి గుమ్మడిపూల మీదికి పోయింది. "నాదే! నాదే!" అని స్రవంతి ఎగిరింది. జరీనా తాడు గుంజింది... తాడు పుటుక్కున తెగింది.

"అరే, పట్టుండ్రే! పట్టుండ్రే!"

ఎవరికి దొరుకుతుంది... స్రవంతి పళ్లెం నాకేసింది. పక్క రెండూ ఖాళీ చేసింది. నా దగ్గరికొచ్చింది. వాసన చూసింది. గట్టిగా ఒక తుమ్ము తుమ్మి... మొహం తిప్పుకొని పోయింది.

అరుగు మీద కూర్చున్న మా అవ్వ దగ్గరికి ఏడుస్తూ పోయింది స్రవంతి. "గెలిచింది నాదే గదా అవ్వా!"

"గెలిచినవు బిడ్డా, కాదంటలేను. మరి నీ బతుకమ్మ ఏదే?"

"మా మున్నీ కడుపుల ఉన్నది" అన్నది జరీనా.

ఏడుస్తున్న స్రవంతి కూడా నవ్వింది.

ఆ సాయంత్రం మా ఆటకు మిగిలింది ఒక్క బతుకమ్మే. గెలిచింది కాబట్టి పాట స్రవంతే ఎత్తుకుంది... నడుమ మాత్రం నా తంగేడు. బాపు చెలక నుంచి వస్తూ కాసేపు నిలబడ్డాడు. పక్కనున్న మనిషితో "గా తంగేడు మా గుట్టదే" అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది... చాలు.

మొన్న మా ఊళ్లో పోటీ పెట్టారు. స్టేజీ, మైకు, ముగ్గురు జడ్జీలు, ఎత్తుకు ఇన్ని మార్కులు, రంగులకు ఇన్ని మార్కులు... పూలేమో పట్నం నుంచి తెప్పించినవి. ఫలితం చెప్పగానే లొల్లి. నేనూ ఒకటి పేర్చుకొని పోయాను... ఒట్టి తంగేడుతో. ఏ బహుమతీ రాలేదు. నాకేం చిన్నతనం అనిపించలేదు. మున్నీ ఉండి ఉంటే ఆ స్టేజీ మీద చివరికి ఏది మిగిలేదో నాకు తెలుసు...

మీ చిన్నప్పటి పోటీలకు సుట్టాలు, పక్కాలు లేని జడ్జి ఎవరైనా దొరికారా? చెప్పండి.